మట్టి తీసిన చోట

ఫిబ్రవరి 3, సోమవారం

ల్యాబ్‌లో టీ తాగుతుండగా సన్యాసిరాజు గారి ఫోన్.

"మేడం, మన తోటలో కింది ఆకులు పసుపెక్కతన్నాయి. నీళ్ళు సాలక అనుకున్నాను. నీరెట్టినా అలాగే ఉన్నాయి."

"ఎన్ని చెట్లు?"

"ఏడెనిమిది. ఒకదానికైతే ఆకులన్నీ కాడల దగ్గర ఇరిగి మొదలు సుట్టూ వేలాడిపోతన్నాయి. పరికిణీ కట్టినట్టు."

పరికిణీ అన్న పోలిక నాది. రైతుల శిక్షణలో అరటికి వచ్చే పనామా తెగులు గురించి చెప్పినప్పుడల్లా అలాగే చెబుతాను. ఆయన మొదటి వరసలో కూర్చుని విన్న మనిషి. తెగులు పేరు మాత్రం ఆయన ఫోన్లో అనలేదు. నేనూ అనలేదు.

పెందుర్తి దాటి లోపలికి వెళ్తే ఆయనది ఎకరంన్నర అమృతపాణి తోట. తొమ్మిదేళ్ళుగా మా ప్రయోగంలో ఆ తోటకి ఒకటే పని, ఏ తెగులూ లేకుండా ఉండటం. జబ్బు తోటల్లో మా మందు ఎంత పనిచేస్తోందో తేలాలంటే పక్కన పెట్టి చూసుకోవడానికి ఆరోగ్యమైన తోట ఒకటి కావాలి. అలాంటివి జిల్లాలో మాకు మూడే ఉన్నాయి.

పొటాష్ తక్కువైనా ఆకులు పసుపెక్కుతాయి. ఎల్లుండి వెళ్ళి చూస్తే తెలుస్తుంది.

ఫిబ్రవరి 5, బుధవారం

పొటాష్ కాదు.

నేనూ, మా ప్రాజెక్ట్ అసిస్టెంట్ హిమబిందూ వెళ్ళాం. తొమ్మిది చెట్లు లెక్క తేలాయి. అన్నిటికంటే ఎక్కువ వాడిపోయిన చెట్టుని సన్యాసిరాజు గారు తనే నరికి, దుంపని నిలువునా చీల్చి నా ముందు పెట్టారు. తెల్లగా ఉండాల్సిన దుంపలో ఇటుక రంగు గీతలు, చుక్కలు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఎన్నో చోట్ల చూసిన రంగు. ఈ తోటలో మొదటిసారి.

"సెప్పండి" అన్నారు.

"ల్యాబ్‌లో చూసి చెబుతాను."

"మీకు తెలిసిపోయింది మేడం. మీ మొకం సూసి నాకూ తెలిసిపోయింది."

దీనికి ఇంతవరకూ తేలిన మందు లేదు, మాదింకా పరీక్షలోనే ఉంది. నేలలో చేరిందంటే దశాబ్దాలు ఉండిపోతుంది. వేరే రకం అరటి వేసుకోవచ్చు. అమృతపాణి మాత్రం బతకదు. ఆయన తండ్రి నాటిన పిలకల సంతతే ఇప్పటికీ ఆ తోటలో ఉంది. బయటి పిలక ఒక్కటి కూడా తోటలో పెట్టలేదని మీటింగులో అందరి ముందూ చెప్పుకునేవారు.

పశువుల పాక పక్కన మాత్రం విడిగా రెండు చెట్లు ఉన్నాయి. ఆయన భార్య గౌరీశ్వరి గారి తమ్ముడు అశోక్ కిందటి జూన్‌లో తెచ్చి ఇంటి వాడకానికి నాటాడట. పచ్చగా, నిండుగా ఉన్నాయి.

గౌరీశ్వరి గారు కాఫీ ఇచ్చారు. పంచదార వేయడం మరిచిపోయారు. తాగేశాను.

తెగులు ఎలా వచ్చిందా అని జీపులో వస్తూ ఆలోచించాను. కాలవ నీళ్ళు కావు, సొంత బోరు. పిలకలు కావు. కాళ్ళకి అంటిన మట్టితో రావచ్చు. మేమైతే ఎక్కడికి వెళ్ళినా బూట్లు కడిగే దిగుతాం.

ఫిబ్రవరి 6, గురువారం

దుంప ముక్కలు గాజు పళ్ళేల్లో పెట్టాం. నాలుగు రోజులు ఆగాలి.

ఫిబ్రవరి 10, సోమవారం

నాలుగు పళ్ళేల్లోనూ లేత గులాబీ రంగు బూజు. మైక్రోస్కోప్ కింద కొడవలి ఆకారాలు. హిమబిందు చూసి పక్కకి జరిగింది. నేను చూసి నోటుబుక్కులో రాశాను.

ఫిబ్రవరి 12, బుధవారం

తిరుమలరావు గారి గదికి వెళ్ళాను. ఆయన మా హెడ్, మేలో రిటైర్ అవుతున్నారు. ఈ ప్రయోగం ఆయన చేతుల మీదుగా పూర్తి కావాలని కోరిక. నాకూ అదే కోరిక, తొమ్మిదేళ్ళు పెట్టాను.

"ఆ ఒక్క తోటని పోలికలోంచి తీసేద్దాం ఫ్లోరా గారూ. మిగతా రెండూ ఉన్నాయిగా. కారణం ఒక వాక్యం రాయండి చాలు."

"కారణం తెలియదు సర్."

"రైతు బయటి పిలకలేమైనా తెచ్చాడా?"

పాక పక్కన రెండు చెట్ల సంగతి చెప్పాను. అవి పచ్చగా ఉన్నాయని కూడా చెప్పాననే అనుకుంటున్నాను.

"ఇంకేం మరి" అన్నారు.

సాయంత్రంలోపు రిపోర్టు రాసి సంతకం పెట్టాను. 'బయటి నుంచి తెచ్చిన పిలకల ద్వారా తెగులు ప్రవేశించి ఉండవచ్చు.' ఉండవచ్చు అని రాశాను. ప్రవేశించింది అని రాయలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

సెప్టెంబరులో ఆ తోటకి వెళ్ళినప్పుడు బోరు దగ్గర నిలబడి బూట్లు కడుక్కున్నాం. నాకు బాగా గుర్తు.

ఫిబ్రవరి 15, శనివారం

బూట్లు కడుక్కున్నాం.

ఫిబ్రవరి 19, బుధవారం

చెట్లు పంతొమ్మిది అయ్యాయి. హిమబిందు తోట పటం గీసి, వాడిపోయిన చెట్లున్న చోటల్లా ఎర్ర చుక్క పెట్టి తెచ్చింది.

ఈ తెగులు మామూలుగా ఒక మూల మొదలై పక్కకి పాకుతుంది. ఇక్కడ అలా లేదు. తోటంతా అక్కడ రెండు, ఇక్కడ మూడు, మధ్యలో అంతా ఆరోగ్యమైన చెట్లే. మొత్తం ఎనిమిది గుంపులు.

పటం బల్ల మీద పెట్టాక కూడా హిమబిందు వెళ్ళలేదు.

"మేడం, సెప్టెంబరు పద్దెనిమిదిన మనం అక్కడ పది చోట్ల మట్టి తీశాం."

"తీశాం."

"ఆ పటం కూడా ఉంది."

తెచ్చింది. నా చేతిరాతే, ఒకటి నుంచి పది వరకూ అంకెలు. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించింది. పది అంకెల్లో ఎనిమిదింటి మీద ఎర్ర చుక్కలు పడ్డాయి.

"మనం బూట్లు కడుక్కున్నాం" అన్నాను.

"బూట్లు కడుక్కున్నాం మేడం."

"మరి?"

"ఆగర్ కడగలేదు."

ఆగర్ అంటే మట్టి తీసే ఇనుప గొట్టం. నేలలోకి తిప్పుతూ దించి, లోపల ఇరుక్కున్న మట్టితో సహా పైకి లాగుతాం. ఆ రోజు పొద్దున కొత్తవలస అవతల ఒక జబ్బు తోటలో దాన్నే వాడాం. ఒక తోట నుంచి ఇంకో తోటకి వెళ్ళేముందు బూట్లూ, పనిముట్లూ బ్లీచింగ్ నీళ్ళలో ముంచాలి. రైతులకి పంచే కరపత్రంలో ఆ మాట రాసింది నేనే. ఆ రోజు డబ్బాలో బ్లీచింగ్ అయిపోయింది. అయిపోయిందని హిమబిందు చెప్పింది. వర్షం వచ్చేలా ఉంది, బోరు నీళ్ళు చాలులే అన్నాను. సన్యాసిరాజు గారి తోటకి ఇంకోరోజు వెళ్ళి ఉండవచ్చు. దారిలోనే కదా అని ఆగాం.

హిమబిందుది కంచరపాలెం, ఇంట్లో జీతం తెచ్చేది తనొక్కతే. కాంట్రాక్టు మార్చి నెలాఖరుకి అయిపోతుంది. పొడిగించాలంటే నా సంతకం కావాలి.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"మీకు గుర్తుందనుకున్నాను మేడం."

ఫిబ్రవరి 20, గురువారం

గుర్తుంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

పూజ అయ్యి చర్చి బయటికి వచ్చేసరికి గౌరీశ్వరి గారివి మూడు మిస్డ్ కాల్స్. తిరిగి చేశాను.

మా రిపోర్టు కాపీ ఊళ్ళో వ్యవసాయ సహాయకురాలికి అందింది. ఆ అమ్మాయి చదివి వినిపించిందట.

"బయటి పిలకలని రాసున్నాది కదా మేడం గారూ. ఈయన నిన్న మా అశోక్‌ని పిలిపించి, ఆడి ఎదరే ఆ రెండు సెట్లూ నరికీసినారు. నా తోట సంపీసినావు, ఇంక నా గుమ్మం తొక్కకు అన్నారు. ఆడు తిరిగి ఒక్క మాట అన్నేదు. తలొంచుకుని ఎల్లిపోనాడు. మా అమ్మ పోయినాక ఆడిని సదివించింది, పెంచింది ఈయనే. పొద్దున్నించీ ఫోన్ సేత్తన్నాను, ఎత్తట్లేదు." ఆఖరికి అడిగారు. "ఆ పిలకలే అంటారేటి మేడం గారూ?"

"చూద్దాం అమ్మా" అన్నాను.

ఏం చూస్తాను? ఆ రెండింటి దుంపలూ మొదటి రోజే కోసి చూడాల్సింది. చూడలేదు. ఎందుకు చూడలేదో నాకు తెలుసు.

ఫిబ్రవరి 25, మంగళవారం

హిమబిందు సెలవు పెట్టింది. జ్వరమట. కావచ్చు.

ఫిబ్రవరి 27, గురువారం

మా ఆయన జాన్ మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చాడు. భోజనాలయ్యాక క్వార్టర్ వరండాలో కూర్చున్నాం.

"ఏటైంది నీకు? పది రోజులై కూరలో ఉప్పు ఓసారి నేదు, ఓసారి రెండింతలు."

చెప్పాను. ఆయన మధ్యలో ఆపే మనిషి కాదు. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళుగా మిషన్ల చప్పుడు వింటూ, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పడమే ఆయన పని. అలాగే విన్నాడు.

"చెప్పినంత మాత్రాన తోట తిరిగి రాదు కదండీ" అన్నాను.

"రాదు."

"తొమ్మిదేళ్ళ పని పోతుంది. హిమబిందు కాంట్రాక్టు కూడా నిలబడదు. ఆ పిల్ల ఇంటి పరిస్థితి మీకు తెలుసు."

"ఆ పిల్ల కోసం ఆగుతన్నావా, ఆ పిల్ల పేరు సెప్పుకుని ఆగుతన్నావా?"

నేను లేచి ఎండిన బట్టలు తీయడానికి వెళ్ళాను. వెనక నుంచి మళ్ళీ అన్నాడు. "అశోక్ అంటే క్రేన్ల దగ్గర కాంట్రాక్టులో సేత్తాడు, ఆడేనా? ఆదివారం నించీ డ్యూటీకి రాట్లేదంటన్నారు."

మార్చి 5, విభూది బుధవారం

నుదుట విభూది పెట్టించుకుని వచ్చాను. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వరస ఉంది. నిలబడి, నా ముందు ఇద్దరే మిగిలాక బయటికి వచ్చేశాను. ఫాదర్‌కి చెప్పడం సులువు. ఆయన ఎవరితోనూ అనరు. ఆయనకి అరటి తోట లేదు.

మార్చి 8, శనివారం

వెళ్ళాను. ఒక్కదాన్నే, బస్సులో.

సన్యాసిరాజు గారు బోరు దగ్గర గట్టు మీద ఉన్నారు. దారిలో కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. పటాలు రెండూ పరిచి, ఆ సెప్టెంబరు రోజు పొద్దున్నుంచీ జరిగింది జరిగినట్టు చెప్పాను. డబ్బాలో బ్లీచింగ్ అయిపోవడం, హిమబిందు చెప్పడం, నేను అన్న మాట. ఆయన పటాలు చూడలేదు. నా వైపూ చూడలేదు.

"ఆ రోజు మీకు సేపల పులుసు ఎట్టినాం" అన్నారు.

"అవునండీ."

"ఆ గొట్టం నాను కూడా పట్టుకున్నాను. మీ అమ్మాయి అలిసిపోతే నాలుగు సోట్ల నానే దింపినాను."

ఆ సంగతి నేను నిజంగానే మరిచిపోయాను. ఆయన తన చేతులు చూసుకున్నారు.

"మీకు తెలియదు కదండీ. నాకు తెలుసు" అన్నాను.

బోరు నీళ్ళు తొట్టిలో పడుతున్నాయి.

"మరి అశోక్ తెచ్చినవి?"

"వాటి వల్ల కాదు. పచ్చగా ఉన్నాయని మొదటి రోజే చూశాను. చూసి కూడా ఆ వాక్యం రాశాను."

క్షమించమని అడిగాను.

"ముందు ఆడికి సెప్పండి. నాను సెప్తే, జాలిపడి అంటన్నాననుకుంటాడు. మీరే సెప్పాల."

లేచి ఇంట్లోకి వెళ్ళిపోయారు. గౌరీశ్వరి గారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. నన్ను లోపలికి రమ్మనలేదు. నేను నడుచుకుంటూ రోడ్డు మీదకి వచ్చాను. ఏడుపు వస్తుందనుకున్నాను. ఆకలి వేసింది. బస్టాండు దగ్గర రెండు ఇడ్లీ తిన్నాను.

మార్చి 9, ఆదివారం

అశోక్ ఉండేది ఉక్కునగరం గేటు అవతల అద్దె గదిలో. జాన్ దారి చూపించి, కింద వీధిలోనే ఆగిపోయాడు.

అశోక్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. గడ్డం పెరిగింది. ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి, తను మంచం చివర కూర్చున్నాడు. చెప్పడం రెండోసారికి తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

"ఆ పిలకలిచ్చిన సారు ఇంటికెల్లి సూసొచ్చినాను మేడం. ఆళ్ళ పెరట్లో సెట్లు బాగానే ఉన్నాయి. అయినా నావల్లే అనుకున్నాను. బావ అన్నాక అదే అయ్యుంటాదనుకున్నాను."

"నీ వల్ల కాదు. రిపోర్టు మార్చి రాస్తున్నాను. అందులో నా పేరే ఉంటుంది."

"బావకి సెప్పినారా?"

"నిన్న చెప్పాను."

"ఏటన్నాడు?"

"ముందు నీకు చెప్పమన్నారు."

మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టడానికి హక్కు ఉన్నవాడు.

"బావ అన్నం తింటన్నాడా మేడం?" అని అడిగాడు.

నేను చూడలేదని చెప్పాను.

మార్చి 10, సోమవారం

కొత్త రిపోర్టు తిరుమలరావు గారి బల్ల మీద పెట్టాను. మూడు పేజీలు. ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చారు.

"ఇది మిమ్మల్ని ఎవరూ అడగలేదు కదా ఫ్లోరా గారూ."

"లేదు సర్."

"ఒక తోటలో గొట్టం కడగలేదంటే మిగతా తోటల్లోనూ కడిగారో లేదో అంటారు. ఈ ఏడాది ఫలితాలన్నీ పోతాయి."

"పోతాయి సర్. అడగాల్సిన ప్రశ్నే అది."

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడలేదు. "నా సర్వీసులో ఇలాంటిది నేను రాయలేదు" అన్నారు. రాయాల్సిన అవసరం రాలేదనా, వచ్చినా రాయలేదనా, అది చెప్పలేదు. సంతకం పెట్టి పైకి పంపారు.

హిమబిందు చెప్పినా నేను వినలేదన్న సంగతి రెండో పేజీలో తేదీతో సహా ఉంది. తనకి చూపించాను. నిలబడే చదివింది. "థాంక్స్ మేడం" అని, "జ్వరం నిజంగానే వచ్చింది" అంది.

మార్చి 24, సోమవారం

ఆర్డరు వచ్చింది. ఈ ఏడాది ఫలితాలు వెనక్కి తీసుకుంటున్నారు. విచారణ అయ్యేదాకా ప్రాజెక్ట్ బాధ్యతల నుంచి నన్ను తప్పించారు, పొలాల పనికి వెళ్ళకూడదు. రైతుకి జరిగిన నష్టం సంగతి పైకి రాశారు. హిమబిందు కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలు పొడిగించారు. ఆ సంతకం నాది కాదు.

ల్యాబ్‌లో నా బల్ల అలాగే ఉంది. దాని ముందు కూర్చుని పాత స్లైడ్లకి లేబుళ్ళు అంటించాను. నేననుకున్నంత బాధగా లేదు. ఇలా రాసుకుంటున్నానంటే కొంత ఉందేమో.

ఏప్రిల్ 3, గురువారం

జాన్ చెప్పాడు, అశోక్ డ్యూటీకి వస్తున్నాడట.

ఏప్రిల్ 12, శనివారం

నిన్న గౌరీశ్వరి గారు ఫోన్ చేశారు. "రేపు దుబ్బులు పీకి కాలుత్తాం. ఈయన మిమ్మల్ని రమ్మన్నారు." ఆఫీసు పని మీద వెళ్ళకూడదు. సెలవు రోజు సొంతంగా వెళ్ళకూడదని ఆర్డరులో లేదు.

నేను వెళ్ళేసరికి పని సగం అయింది. వాడిన దుబ్బులూ, వాటి చుట్టూ ఉన్న ఆరోగ్యమైన దుబ్బులూ తవ్వి, ఉన్నచోటే ముక్కలు చేసి, ఎండుగడ్డీ కట్టెలూ పేర్చి కాలుస్తున్నారు. పచ్చి అరటి అంత సులువుగా కాలదు. పొగే ఎక్కువ. హిమబిందు తోటకి అటువైపు సున్నం చల్లించి లెక్క రాసుకుంటోంది. ఇప్పుడు ఈ తోట పని తనే చూస్తోంది. నన్ను చూసి తల ఊపింది. నేను గట్టు దాటలేదు.

అశోక్ గునపంతో దుబ్బులు పెకలిస్తున్నాడు. సన్యాసిరాజు గారు కత్తితో నరుకుతున్నారు. "బావా, ఇటుపక్క ఇంకోటున్నాది." "దాన్నొదిలీ, ముందు అది తీ." గంటసేపట్లో వాళ్ళ మధ్య నాకు వినబడిన మాటలు అంతే. నీళ్ళ చెంబు మాత్రం ఒకరి తర్వాత ఒకరు తాగి అందించుకుంటున్నారు.

మధ్యాహ్నానికి సన్యాసిరాజు గారు గట్టు దగ్గరికి వచ్చి, తువాలుతో మొహం తుడుచుకుని కూర్చున్నారు.

"మీరు సెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా మేడం."

"తెలిసేది కాదండీ."

"నెల రోజులై అదే ఆలోసిత్తన్నాను. తొమ్మిదేళ్ళు మీరేది సెప్తే అది సేసినాను. కాగితం అడగనేదు. ఇప్పుడు ఏది నమ్మాలో ఏది మానాలో తెలవట్లేదు." కోపంగా అనలేదు. ఎరువు గురించి సందేహం అడిగినట్టు అన్నారు. "ఈ నేలలో ఇంక ఏం సెయ్యాలో రాసివ్వండి. సంతకం ఎట్టి."

సంచిలోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని రాశాను. తవ్విన చోట గట్లు ఎత్తు చేసి మడుల్లో నీళ్ళు నిలబెట్టాలి. వానాకాలానికి మిగతా చెట్లూ తీసేసి వరి వేయాలి, కనీసం రెండు పంటలు. ఈ నేల మట్టి, పిలకలు, పనిముట్లు బయటికి పోకూడదు. అరటే కావాలంటే ఈ తెగులుని తట్టుకునే వేరే రకం, ల్యాబ్‌లో పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలు వేసుకోవచ్చు, అదీ వరి తర్వాతే. రాసి, కింద పేరూ తేదీ వేసి ఇచ్చాను.

ఆయన దాన్ని గౌరీశ్వరి గారికి ఇచ్చి చదవమన్నారు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివారు. చివరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తారు.

"అది మళ్ళీ సదువు."

ఆవిడ మళ్ళీ చదివారు. "ఈ నేలలో అమృతపాణి మళ్ళీ ఎప్పుడు వేయవచ్చో నాకు తెలియదు."

"తెలీదని రాసీసినారేటి?" అని నన్ను అడిగారు.

"తెలియదు కాబట్టేనండీ."

కాగితం వెనక్కి తీసుకున్నారు. చదవలేకపోయినా కాసేపు దాన్నే చూశారు. తర్వాత నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"అయితే మిగతాదంతా సేత్తాను" అన్నారు.

లేచి, అశోక్‌ని కేకేసి మోటారు వెయ్యమన్నారు.